తన ముఖమే సాక్ష్యం: బ్రెజిల్ ఎక్స్‌ప్రెషనిస్టుల స్వీయచిత్రాలు

బ్రెజిల్‌లో ఎక్స్‌ప్రెషనిజానికి సంఘం లేదు, ప్రణాళిక లేదు, పత్రిక లేదు. జర్మనీలో అలా కాదు. 1905లో డ్రెస్డెన్‌లో నలుగురు ఆర్కిటెక్చర్ విద్యార్థులు కూడి ‘డీ బ్రూకె’ అని పేరు పెట్టుకున్నారు. మరో ఆరేళ్లకు మ్యూనిక్‌లో కాండిన్స్కీ, ఫ్రాంజ్ మార్క్ కలిసి ‘బ్లూ రైడర్’ను నిలబెట్టారు. వాళ్లకు గదులున్నాయి, గొడవలున్నాయి, కలిసి తాగిన రాత్రులున్నాయి. కంటికి కనిపించిన రంగును పక్కన పెట్టి మనసులో రేగిన రంగును వేయాలన్న ఆ పిచ్చి అట్లాంటిక్ దాటి బ్రెజిల్ చేరింది మాత్రం ఒక్కొక్క మనిషి పెట్టెలో, విడివిడిగా. ఒక ఇంజనీరు కూతురు, ఒక యూదు లేఖకుడి కొడుకు, ఒక ప్రకృతి శాస్త్రవేత్త కొడుకు, ఒక సివిల్ ఇంజనీరు, ఒక రైల్వే ఉద్యోగి కొడుకు. వీళ్ల మధ్య బంధుత్వాలు తక్కువ, గురుశిష్య పరంపర అసలే లేదు.

అందుకే ఈ ధోరణి చరిత్ర రాయాలంటే 1922 నాటి ఆధునిక కళా వారోత్సవపు కార్యక్రమ పత్రాల కంటే, ఆ చిత్రకారులు వేసుకున్న తమ తమ ముఖాలే మంచి ఆధారమని నా నమ్మకం. గుంపు లేనివాడికి అద్దమే తోడు. డబ్బు అడగని మోడల్, కొనేవాడు ఉన్నా లేకపోయినా వేయగలిగే బొమ్మ, స్వీయచిత్రం. 1910ల నుంచి 1990ల దాకా ఆ ముఖాలను వరుసగా చూస్తే ఒక దేశం తన కళాకారులను ఎలా చూసిందో, వాళ్లు ఆ చూపును ఎలా భరించారో తెలుస్తుంది.

మొదటి పేరు అనిత మల్ఫాత్తి. 1889 డిసెంబరులో సావో పాలోలో పుట్టింది. తండ్రి ఇటలీ నుంచి వచ్చిన ఇంజనీరు, తల్లి జర్మన్ మూలాలున్న అమెరికన్ కుటుంబపు మనిషి, స్వయంగా బొమ్మలు వేసేది. పుట్టుకతోనే అనిత కుడి చేయి సరిగా ఎదగలేదు. మూడేళ్ల వయసులో ఇటలీలోని లూకాకు తీసుకెళ్లి శస్త్రచికిత్స చేయించారు, పెద్దగా ఫలితం లేదు. ఆమె ఎడమ చేత్తో రాయడం, గీయడం నేర్చుకుంది. కుడి చేతిని రుమాలు మాటున దాచుకునే అలవాటు ఆమెకు చివరిదాకా పోలేదు. బ్రెజిల్ ఆధునిక చిత్రకళను మొదలుపెట్టిన చేయి, అక్షరాలా, రెండో చేయి.

పదమూడేళ్ల వయసులో తాను చేసిన ఒక పని గురించి ఆమే తర్వాత చెప్పింది. జీవితంలో ఏం చేయాలో తేలక, ఒక పెద్ద అనుభవం ఎదురైతే దారి దొరుకుతుందేమోనని, ఇంటి దగ్గరి రైలు పట్టాల స్లీపర్ల కింద పడుకుంది. రైలు మీదుగా వెళ్లింది. ఆ హోరులో, ఊపిరాడని వేడిలో, ఆమెకు రంగులు కనిపించాయి. రంగులు తప్ప మరేమీ కనిపించలేదు. లేచి ఇంటికి వచ్చి చిత్రకారిణి కావాలని నిశ్చయించుకుంది. పిల్ల చేష్ట అని కొట్టిపారేయడం సులువే. కానీ ఆమె తర్వాత వేసిన మనుషుల పచ్చ జుట్టు, పసుపు చర్మం చూసినప్పుడు ఆ రైలు గుర్తొస్తుంది. భయం తనకు రంగుగా కనబడిందని చెప్పుకున్న మనిషి ఆమె.

1910లో బెర్లిన్ వెళ్లింది. అక్కడి గురువుల్లో లోవిస్ కొరింత్ ఒకడు. ఈ సంగతి దగ్గర ఒక నిమిషం ఆగాలి. కొరింత్ 1900 నుంచి దాదాపు ప్రతి పుట్టినరోజుకూ తన ముఖాన్ని తానే వేసుకునేవాడు. 1911 డిసెంబరులో అతనికి పక్షవాతం వచ్చింది. ఎడమ పక్కంతా దెబ్బతింది, చేతులు వణికేవి. అయినా కుంచె వదల్లేదు. ఆ వణుకే అతని చివరి దశ చిత్రాలకు కొత్త బలం ఇచ్చిందని కళా చరిత్రకారులు అంటారు. కుడి చేయి సహకరించని శిష్యురాలు, శరీరాన్ని మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటున్న గురువు. అనిత అక్కడ రంగులు కలపడం ఒక్కటే నేర్చుకుందంటే నేను నమ్మను. 1912లో కొలోన్‌లో జరిగిన సోండర్‌బుండ్ మహా ప్రదర్శనను కూడా ఆమె చూసింది. వాన్ గో, సెజాన్, గొగాన్, మంక్ అందరూ ఒక్కచోట ఉన్న ప్రదర్శన అది.

1914లో యుద్ధం ముంచుకొస్తుండగా సావో పాలో తిరిగొచ్చి, ఒక చిన్న ప్రదర్శన చేసి, మేనమామ డబ్బుతో మళ్లీ బయల్దేరింది. ఈసారి న్యూయార్క్. అక్కడి ఆర్ట్ స్టూడెంట్స్ లీగ్ చదువు నచ్చక హోమర్ బాస్ నడిపే ఇండిపెండెంట్ స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరింది. బాస్ తన శిష్యులను మెయిన్ రాష్ట్రంలోని మోన్‌హెగన్ అనే దీవికి తీసుకెళ్లి వదిలేసేవాడు. ఇలా వెయ్యి, అలా వెయ్యి అని చెప్పేవాడు కాదు. దీపస్తంభం, గాలివాన, కొండరాళ్లు అక్కడే వేసింది. నగరంలోకి వచ్చాక ముఖాల మీద పడింది. ‘పసుపు మనిషి’, ‘వెర్రిది’, ‘పచ్చ జుట్టు స్త్రీ’, ‘రష్యన్ విద్యార్థిని’, ‘జపనీయుడు’. ఈ పేర్లను ఒకసారి వరుసగా చదవండి. అంతా పరాయి ఊళ్లో పరాయివాళ్లు. పసుపు మనిషికి మోడల్ ఒక పేద ఇటాలియన్ వలసదారు. కుర్చీలో ఇమడని భుజాలు, ఎటో తప్పించుకునే చూపు. అక్కడ ఉన్న రోజుల్లో అనిత వేసిన పరాయివాళ్ల బొమ్మలన్నిటిలోనూ ఆమె పోలిక ఉంది. అద్దం ముందు కూర్చోకుండానే ఆమె తనను తాను వేసుకున్న కాలం అది.

1916లో ఆ చిత్రాలు చుట్టుకుని ఇంటికి వచ్చింది. చదివించిన మేనమామకే నచ్చలేదు. అయినా 1917 డిసెంబరు 12న రువా లీబెరో బదారో వీధిలోని ఒక హాలులో యాభైకి పైగా చిత్రాలతో ప్రదర్శన తెరిచింది. మొదటి వారం బాగానే నడిచింది, కొన్ని అమ్ముడుపోయాయి. డిసెంబరు 20న ‘ఓ ఎస్తాదో దె సావో పాలో’ పత్రికలో మొంతెయిరో లొబాతో వ్యాసం వచ్చింది. తర్వాత పుస్తకంలో చేర్చినప్పుడు ఆ వ్యాసానికి పెట్టిన పేరు ‘ఉన్మాదమా, మోసమా?’ అన్న అర్థం వచ్చేది. లొబాతో సామాన్యుడు కాదు. తర్వాతి కాలంలో బ్రెజిల్ పిల్లలందరికీ కథలు చెప్పిన రచయిత, స్వయంగా బొమ్మలు వేసేవాడు. అనితకు ప్రతిభ ఉందని ఒప్పుకుంటూనే, ఈ కొత్త కళ పిచ్చాసుపత్రి గోడల మీది బొమ్మల జాతిదని, తేడా అల్లా అక్కడి బొమ్మల్లో నిజాయతీ ఉండటమేనని రాశాడు. చిత్రాలు కొన్నవాళ్లు కొందరు వాటిని వెనక్కి పంపించారు.

ఇక్కడ బ్రెజిల్ సాహిత్య చరిత్రలు ఒక కథ అల్లాయి. క్రూర విమర్శకుడు, నలిగిపోయిన యువతి, ఆమె రక్తం మీద మొలకెత్తిన ఆధునికత. విమర్శకుడు మారియో ద సిల్వ బ్రితో ఆమెను ఆధునికవాదపు తొలి అమరురాలిగా నిలబెట్టాడు. తర్వాతి తరంలో తదేవు కియరేల్లి వంటి చరిత్రకారులు దీన్ని ప్రశ్నించారు. అనిత న్యూయార్క్ దూకుడు నుంచి వెనక్కి జరగడం లొబాతో వ్యాసానికి ముందే మొదలైందని చూపించారు. 1917 నాటి ‘త్రోపికల్’ అనే చిత్రంలో పళ్ల బుట్టతో ఉన్న స్త్రీ చాలా నెమ్మదైన స్త్రీ. ఈ రెండో వాదనే నాకు సరైనదనిపిస్తుంది, ఇంకో కారణం వల్ల కూడా. అమరురాలి కథలో అనిత చేసిన ఎంపికలు కనబడవు. ఆమెకు జరిగినవే కనబడతాయి. ఆ దెబ్బ తగల్లేదని కాదు. 1919లో ఆమె పేద్రో అలెషాంద్రినో అనే సంప్రదాయ చిత్రకారుడి దగ్గర పళ్లూ పాత్రలూ వేయడం నేర్చుకోవడానికి చేరింది. పాతికేళ్లకే ‘పసుపు మనిషి’ని వేసిన మనిషి ముప్పయ్యో పడిలో రాగి గిన్నె మీద వెలుగు ఎలా పడుతుందో సాధన చేసింది. అదే తరగతిలో ఆమెకు మరో చిత్రకారిణి, తర్సిల దొ అమరాల్ పరిచయమైంది.

1922 ఫిబ్రవరి 13, 15, 17 తేదీల్లో సావో పాలో మునిసిపల్ థియేటర్‌లో ఆధునిక కళా వారోత్సవం జరిగింది. అప్పటికి ఐదేళ్ల కిందటి ఆ ప్రదర్శన వీరగాథ అయిపోయింది. అనిత చిత్రాలు మళ్లీ గోడెక్కాయి, మళ్లీ ఎగతాళికి గురయ్యాయి. కవి మారియో దె అంద్రాదె ‘పసుపు మనిషి’ని కొనుక్కున్నాడు. 1917లో అతనే ఆ హాలుకు వచ్చి పగలబడి నవ్వి, తర్వాత మళ్లీ మళ్లీ వచ్చి ఆమె స్నేహితుడైనవాడు.

ఆ ఏడాదే ఆమె పేస్టల్ రంగుల్లో తన ముఖాన్ని వేసుకుంది. కాగితం మీద చిన్న బొమ్మ. దాన్ని మారియో దాచుకున్నాడు; అతని సేకరణతో పాటు అది ఇప్పుడు సావో పాలో విశ్వవిద్యాలయంలో ఉంది. తైలవర్ణంలో కాన్వాసు నిండా ప్రపంచాన్ని వంచి వేసిన చేయి, తన విషయానికి వచ్చేసరికి తలా భుజాలకే పరిమితమైంది. చేతులు చిత్రంలోకి రావు. ఈ ఎంపిక యాదృచ్ఛికం కాదని నా ఉద్దేశం.

అదే ఏడాది ఇంకో బొమ్మ ఉంది. నాకు ఆ పేస్టల్ కంటే ఇదే అసలైన స్వీయచిత్రం. అనిత, తర్సిల, మారియో, రచయితలు ఒస్వాల్ద్ దె అంద్రాదె, మెనోత్తి దెల్ పిక్కియ కలిసి ‘ఐదుగురి బృందం’ అనిపించుకునేవాళ్లు. ఒక సాయంత్రం గదిలో వాళ్లందరినీ అనిత గబగబా గీసింది. మారియో, తర్సిల పియానో ముందు. ఒస్వాల్ద్, మెనోత్తి నేల మీద తివాచీపై పడి ఉన్నారు. అనిత వేరుగా, సోఫా మీద పడుకుని ఉంది. బ్రెజిల్ ఆధునికతకు ఇంతకంటే నిజమైన సామూహిక చిత్రం లేదు. అందరికంటే ముందు దెబ్బతిన్న మనిషి తన స్థానం తానే వేసుకుంది, పాట జరిగే చోటికి కాస్త ఎడంగా.

పక్కన తర్సిల 1923లో పారిస్‌లో వేసుకున్న స్వీయచిత్రం పెట్టి చూడండి. ఎర్రటి పెద్ద కాలరున్న కోటు, తీర్చిన జుట్టు, ఎదుటివారిని లెక్కచేయని నిండు చూపు. గొప్ప చిత్రమే. ఈరోజు పోస్టర్ల మీద, పుస్తకాల అట్టల మీద కనిపించే బ్రెజిల్ ఆధునిక ముఖం అదే. కాఫీ తోటల యజమాని కూతురికి ఆ కోటు సహజంగా నప్పింది. అనిత పారిస్‌కు ప్రభుత్వ విద్యార్థి వేతనం మీద 1923లో వెళ్లి 1928లో తిరిగొచ్చింది. ఆ తర్వాత పాఠాలు చెప్పి బతికింది, పల్లె ఉత్సవాలు, ఊరేగింపులు, జానపదుల తీరులో వేసింది. 1964 నవంబరులో కన్నుమూసింది. ఆమె చివరి ముప్పయ్యేళ్లను పతనంగా రాయడం చరిత్రకారులకు అలవాటు. న్యూయార్క్ ఏడాదిన్నరనే అనితగా, మిగతా జీవితాన్ని పొరపాటుగా లెక్కించడం ఆమెకు రెండోసారి జరిగిన అన్యాయం.

లజార్ సెగాల్ దగ్గరికి వస్తే ప్రశ్నే మారిపోతుంది. విల్నా నగరపు యూదు వాడలో, తోరా గ్రంథాన్ని చేత్తో రాసే లేఖకుడి ఇంట పుట్టాడు. పదిహేనేళ్లు దాటుతూనే బెర్లిన్, అక్కడి నుంచి డ్రెస్డెన్. తోబుట్టువులు అప్పటికే బ్రెజిల్‌లో స్థిరపడ్డారు కాబట్టి 1912 చివర్లో వాళ్లను చూడటానికి వచ్చి 1913లో సావో పాలోలో, కంపినాస్‌లో చిత్రాలు ప్రదర్శించాడు. అనితకంటే నాలుగేళ్ల ముందే. ఎవరూ కేకలు వేయలేదు. మర్యాదగా చూసి వెళ్లారు. అప్పటి అతని చిత్రాల్లో పదును తక్కువ, పైగా విదేశీయుడు. తమ ఊరి ఆడపిల్ల వేస్తే ఉన్మాదమైనది ఐరోపా కుర్రాడు వేస్తే కొత్త ఫ్యాషన్ అయి ఉండేదేమో అన్న అనుమానం నన్ను వదలదు.

జర్మనీకి తిరిగి వెళ్లాక యుద్ధం వచ్చింది. రష్యా పౌరుడు కాబట్టి శత్రువుగా లెక్కించి మైసెన్‌లో నిర్బంధించారు. యుద్ధం ముగిసే ముందు విల్నా వెళ్లి శిథిలాలను చూసి వచ్చాడు. 1919లో ఓటో డిక్స్, కొన్రాడ్ ఫెలిక్స్‌ముల్లర్ వంటివాళ్లతో కలిసి డ్రెస్డెన్ సెసెషన్ బృందాన్ని ప్రారంభించాడు. ఆ ఏడాదే ఒక స్వీయచిత్రం, ఒక పెద్ద చిత్రం వేశాడు. రెండోదాని పేరు ‘నిత్య సంచారులు’. దేహాలకంటే తలలు పెద్దవి, ముఖాలు కోణాలుగా విరిగినవి, కళ్లు ఇద్దరు మనుషులకు చాలినంతవి. స్వీయచిత్రంలోని ముఖం ఆ సంచారుల్లో ఒకడి ముఖమే. ‘నిత్య సంచారులు’ను డ్రెస్డెన్ మ్యూజియం కొనుక్కుంది, నాజీలు వచ్చాక దాన్ని జప్తు చేసి ‘భ్రష్ట కళ’ ప్రదర్శనలో వేలాడదీశారు.

1923 చివర్లో సెగాల్ భార్య మార్గరేట్‌తో కలిసి బ్రెజిల్ వచ్చేశాడు, ఈసారి ఉండిపోవడానికి. 1924 ప్రాంతంలో వేసిన ‘ఎంకోంత్రు’ (కలయిక) అతని జీవితంలోని విచిత్రమైన స్వీయచిత్రం. పక్కపక్కన భార్యాభర్తలు. మార్గరేట్ తెల్లగా ఉంది. సెగాల్ మాత్రం తన చర్మాన్ని ముదురు గోధుమ రంగులో వేసుకున్నాడు, నల్లజాతి రక్తం కలిసిన బ్రెజిల్ మనిషిలా. తూర్పు ఐరోపా యూదుడు, ఓడ దిగి ఏడాది తిరగకుండానే. మార్గరేట్ ఆ దేశంలో ఇమడలేక ఆ ఏడాదే జర్మనీకి వెళ్లిపోయింది. పేరు కలయిక అయినా ఆ బొమ్మలోని ఇద్దరి మధ్య విడిపోయే గీత చర్మపు రంగులోనే పడి ఉంది. మరుసటి ఏడాది సెగాల్ జెన్నీ క్లబీన్‌ను పెళ్లాడాడు.

ఈ చిత్రం ముందు పొగడ్తకు తొందరపడకూడదు. బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయింది 1888లో. అంటే సెగాల్ ఆ గోధుమ రంగు కలుపుతున్నప్పుడు, కొరడా మచ్చలు ఒంటి మీద ఉన్న ముసలివాళ్లు ఆ వీధుల్లోనే తిరుగుతున్నారు. వాళ్ల రంగు వాళ్లకు ఎంపిక కాదు. సెగాల్ దాన్ని కుంచెతో ఎత్తుకుని తన ముఖానికి రాసుకోగలిగాడు. కావాలంటే మళ్లీ తీసేసుకోగలడు. ఇది నిజం. రెండో పక్కన, విల్నాలోనూ డ్రెస్డెన్‌లోనూ అతని ముఖం తెల్లవాడి ముఖంగా లెక్కకు వచ్చింది ఎన్నడు? జాతి పేరుతో కించపడిన మనిషి కొత్త దేశంలో కాలు పెట్టి, ఎవరి పక్కన నిలబడాలో తేల్చుకున్న చిత్రంగానూ దీన్ని చదవాలి. ఈ రెండు చదువులూ ఒకదాన్నొకటి కొట్టేయవు. రెండూ ఉంటేనే చిత్రం నిండుగా కనబడుతుంది. 1927లో వేసిన ‘బననాల్’లో అరటి ఆకుల పచ్చటి గోడ మధ్య నుంచి ఒక నల్లజాతి వృద్ధుడి తల పైకి లేస్తుంది, ఇక్కడ సెగాల్ చూపు ఎదుటి ముఖం మీద ఉంది. అతను బ్రెజిల్ పౌరుడైన ఏడాది కూడా అదే, మరో స్వీయచిత్రం వేసుకున్న ఏడాదీ అదే.

తర్వాతి కథ క్లుప్తంగా. 1937లో జర్మనీలో అతని చిత్రాలు భ్రష్టమయ్యాయి. అదే ఏడాది బ్రెజిల్ విదేశాంగ శాఖ యూదులకు వీసాలు ఇవ్వవద్దని రహస్య ఉత్తర్వు పంపింది. 1939 నుంచి 1941 దాకా అతను ‘వలసదారుల ఓడ’ వేశాడు, రెండున్నర మీటర్లు దాటిన వెడల్పులో, డెక్ నిండా కూలబడిన మనుషులతో. 1943లో రియో జాతీయ లలితకళా మ్యూజియంలో పెద్ద ప్రదర్శన పెడితే అక్కడి పత్రికల్లో కొందరు అవే మాటలు, భ్రష్టుడు, యూదుడు అని రాశారు. 1957లో చనిపోయాడు. సావో పాలో విలా మరియాన ప్రాంతంలో తోడల్లుడైన ఆర్కిటెక్ట్ వార్షావ్‌చిక్ కట్టిన ఇల్లు 1967 నుంచి అతని మ్యూజియం.

ఒస్వాల్దో గోయెల్దీని నేను ఇక్కడ త్వరగా దాటవలసి వస్తోంది, అతనికి రంగు అవసరం తక్కువ కాబట్టి. అమెజాన్ ముఖద్వారంలోని బెలెంలో మ్యూజియం నడిపిన స్విస్ శాస్త్రవేత్త కొడుకు. స్విట్జర్లాండ్‌లో చదివి, చిత్రకారుడు ఆల్ఫ్రెడ్ కుబిన్‌ను ఆరాధించి, 1919లో రియోకు తిరిగొచ్చాడు. 1920ల మధ్య నుంచి చెక్క మీద చెక్కి అచ్చు తీయడమే జీవితం చేసుకున్నాడు. రాత్రి వీధులు, జాలరులు, రాబందులు, వాన. ఎండకూ సముద్రానికీ పేరుపడ్డ రియోలో నలుపును నమ్ముకున్నవాడు. తన ముఖాన్నీ అలాగే చెక్కాడు. నల్లటి చెక్కలోంచి ఉలి తీసేసిన కొద్దిపాటి చోటే ముఖం. చెక్క మీద తప్పు దిద్దుకోవడానికి వీలుండదు. తీసేసిన చోట మళ్లీ చెక్క మొలవదు. 1951 మొదటి సావో పాలో బియెనాల్ కళా ప్రదర్శనలో అచ్చుచిత్రాలకు బహుమతి అతనికే దక్కింది. పదేళ్లకు ఒంటరిగా చనిపోయాడు.

ఫ్లావియో దె కర్వాల్యో ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఇంగ్లండులో సివిల్ ఇంజనీరింగ్ చదివి 1922లో, వారోత్సవం ముగిశాక సావో పాలో చేరాడు. 1931లో కార్పస్ క్రిస్టి ఊరేగింపుకు ఎదురుగా, తల మీద టోపీ తీయకుండా నడిచాడు. గుంపు ఎలా ప్రవర్తిస్తుందో చూడాలని. గుంపు చంపబోయింది, ఒక పాల దుకాణంలో దాక్కుంటే పోలీసులు వచ్చి కాపాడారు. దాని మీద పుస్తకమే రాశాడు. 1934లో అతని ప్రదర్శనను అశ్లీలమని పోలీసులు మూయించారు. 1956లో ఉష్ణదేశపు మగవాడికి ఇదే తగిన దుస్తులంటూ తాను రూపొందించిన కుచ్చుల స్కర్టు వేసుకుని సావో పాలో నడిబొడ్డున నడిచాడు. అతను తన దేహాన్నే కాన్వాసు చేసుకున్న మనిషి. 1965 నాటి అతని స్వీయచిత్రంలో రంగు గీతలు ముఖం చుట్టూ సుడి తిరుగుతాయి.

కానీ ఫ్లావియోను గుర్తుంచుకోవలసింది ఈ వీధి సాహసాలతో కాదు. 1947లో తల్లి మరణశయ్య మీద ఉంటే, పక్కన కూర్చుని బొగ్గుతో తొమ్మిది చిత్రాలు గీశాడు. ‘విషాద శ్రేణి’ అని వాటి పేరు. తెరుచుకున్న నోరు, వెనక్కి వాలిన తల, ఒక్కో కాగితానికీ తగ్గిపోతున్న గీతలు. కొడుకు ఇలా చేయవచ్చా అని అప్పట్లో చాలామంది అసహ్యించుకున్నారు. ఆ చిత్రాలను చూసినకొద్దీ నాకు అందులో కనిపించేది కాగితం వదలలేని చేయి. ఏడవడానికి అతనికి వేరే దారి లేదు. స్కర్టుతో నడిచిన రోజు ఫ్లావియో లోకానికి చూపించిన ముఖం వేరు. ఆ తొమ్మిది కాగితాల్లో తల్లి ముఖం వెనుక నిలబడిన ముఖం వేరు. రెండోదాన్నే నేను అతని స్వీయచిత్రం అంటాను.

ఇక ఇబెరె కమార్గో. 1914లో దక్షిణాది రాష్ట్రం రియో గ్రాందె దొ సుల్‌లో, రెస్తింగ సెక అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి రైల్వే ఏజెంటు, తల్లి టెలిగ్రాఫ్ ఆపరేటర్. 1940ల్లో రియో చేరి చిత్రకారుడు గీన్యార్ దగ్గర నేర్చుకున్నాడు, బహుమతి డబ్బుతో ఐరోపా వెళ్లి రోమ్‌లో దె కిరికో దగ్గర, పారిస్‌లో అంద్రె లోత్ దగ్గర చదివాడు. తిరిగొచ్చాక అతని మొదటి పెద్ద పోరాటం ముఖం గురించి కాదు, రంగుల ట్యూబుల గురించి. దిగుమతి రంగులను ప్రభుత్వం విలాస వస్తువుల్లో చేర్చింది. దేశీయ రంగులు వెలిసిపోయేవి. 1954లో జాతీయ ఆధునిక కళా సలోన్‌కు చిత్రకారులందరూ నలుపు తెలుపుల్లోనే పంపాలని ఉద్యమం నడిపాడు. దాన్నే ‘నలుపు తెలుపు సలోన్’ అంటారు. చిత్రకళా చరిత్రలు ఇజాల గురించి పేజీలు రాసి, రంగు ధర గురించి ఒక్క వాక్యం రాయవు. వేలెడు మందాన రంగు వేసే చిత్రకారుడికి ఆ ధరే బతుకు.

1958 ప్రాంతంలో వెన్నునొప్పితో స్టూడియోకే పరిమితమైనప్పుడు, చిన్నప్పుడు పెరట్లో ఆడుకున్న దారపు రీళ్లు బల్ల మీదికి వచ్చాయి. పదేళ్లకు పైగా అవే వేశాడు. మొదట నిలబడిన రీళ్లు, తర్వాత గాలిలోకి ఎగిరినవి, చివరికి రంగు ముద్దలో కలిసిపోయి ఏవి రీళ్లో తెలియనివి. 1961 బియెనాల్‌లో ఉత్తమ జాతీయ చిత్రకారుడి బహుమతి, 1966లో జెనీవాలోని ప్రపంచ ఆరోగ్య సంస్థ భవనానికి 49 చదరపు మీటర్ల కుడ్యచిత్రం వచ్చాయి. అతని పద్ధతి కఠినమైనది. రోజంతా వేసి, సాయంత్రం కత్తితో గీకి పారేసేవాడు. మళ్లీ వేసేవాడు. మళ్లీ గీకేవాడు. కాన్వాసు మీద మిగిలేది ఓడిపోయిన ఎన్నో చిత్రాల మీద నిలబడ్డ ఒక్కటి.

1980 డిసెంబరులో రియో వీధిలో జరిగిన గొడవలో ఇబెరె తుపాకీ పేల్చాడు, ఒక మనిషి చనిపోయాడు. జైలుకు వెళ్లాడు, ఆత్మరక్షణగా భావించి కోర్టు నిర్దోషిగా వదిలేసింది. 1982లో భార్య మరియాతో కలిసి రియో వదిలి పోర్తో అలెగ్రె వెళ్లిపోయాడు. ఆ తర్వాతే కాన్వాసుల నిండా మనుషులు వచ్చారు, అందులో తన ముఖం మాటిమాటికీ వచ్చింది. చీకటి నీలం, ఊదా ముద్దల్లోంచి తోసుకొచ్చే తల, కన్ను ఉండాల్సిన చోట కుంచె వెనుక వైపుతో గీరిన గుంట.

ఈ ముఖాలన్నిటినీ నేరపు ఒప్పుకోలుగా చదివే అలవాటు ఒకటి పాతుకుపోయింది. నేను దాన్ని ఒప్పుకోలేను. మొదటి కారణం, ఇబెరె యువకుడిగా 1940ల నుంచే తన ముఖం వేసుకుంటున్నాడు. 1980లో పుట్టిన అలవాటు కాదు అది. రెండోది ఇంకా ముఖ్యం. ఒక మనిషి ప్రాణం పోయింది. ఆ చావును చిత్రకారుడి ‘గొప్ప దశ’కు ముడిసరుకుగా మార్చడం ఆ చనిపోయినవాడి పట్ల అమర్యాద, చిత్రాల పట్ల బద్ధకం. ఆ సంఘటన జాడ ఇబెరె చిత్రాల్లో లేదని నేను అనడం లేదు. నలభై ఏళ్లుగా గీకుతూ వచ్చిన చేయి తన ముఖాన్ని మాత్రం ఎందుకు వదిలిపెడుతుంది? గీకడం అతని పశ్చాత్తాపానికి గుర్తు కావడానికి చాలా ముందే అతని పని విధానం.

1980ల చివర సైకిలిస్టులు వచ్చారు, పోర్తో అలెగ్రె పార్కులో గాలికి ఎదురు తొక్కుతున్నవాళ్లు, ఎక్కడికీ చేరనివాళ్లు. 1991లో ‘మూఢులు’ అనే శ్రేణి, కుర్చీల్లో కూర్చుని ఎదురుచూసే ఆకారాలు. అనిత ‘వెర్రిది’ వేసి అప్పటికి డెబ్బై అయిదేళ్లు. ఆమె నుంచి ఇతనికి ఎవరూ ఏదీ చేతికి అందించలేదు. అయినా ఒక దేశం తనలో ఇమడని మనుషులకు పెట్టే పేరు, ఇద్దరు చిత్రకారులకు, రెండు చివర్లలో, ఒకే కుర్చీలో కూర్చున్న మనిషిగా కనిపించింది. పరంపర లేదని మొదట్లో అన్నాను. ఉన్నదల్లా ఈ పోలికే.

ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరాక కూడా ఇబెరె పెద్ద కాన్వాసులే ఎంచుకున్నాడు. చివరి చిత్రం ‘ఒంటరితనం’ నాలుగు మీటర్ల వెడల్పు. 1994 ఆగస్టు 9న చనిపోయాడు. మరియా అన్నాళ్లూ దాచిన వేలకొద్దీ చిత్రాలు, రేఖాచిత్రాలు, అచ్చులు 1995లో ఏర్పడిన ఫౌండేషన్‌కు చేరాయి. గ్వైబ నది ఒడ్డున పోర్చుగీస్ ఆర్కిటెక్ట్ ఆల్వరో సీజ కట్టిన తెల్లటి కాంక్రీటు భవనంలో, 2008 నుంచి ఆ ముఖాలను చూడటానికి జనం వస్తున్నారు.